అందరినీ పెంచిన నానా అంత్యక్రియలకు ఎవరూ రాలేదు

చిలీ రచయిత్రి ఇసబెల్ అయెందే 1982లో స్పానిష్‌లో ప్రచురించిన ‘ది హౌస్ ఆఫ్ ది స్పిరిట్స్’ నవల ఒక కుక్క ఇంటికి రావడంతో మొదలవుతుంది. సముద్రం మీదుగా వచ్చిన ఆ కుక్కకి బరాబ్బాస్ అని పేరుంది. చచ్చాక కూడా దాని చర్మం తివాచీ అయి ఆ కుటుంబంతోనే ఉంటుంది. అదే కుటుంబంలో రెండు తరాల పిల్లల్ని ఎత్తుకుని పెంచిన ఆయాకి మాత్రం పుస్తకం మొత్తంలో పేరు లేదు. చిన్నా పెద్దా అందరూ ఆమెను నానా అనే పిలుస్తారు. చిలీలో ఏ ఇంట్లో పనిచేసే ఆయానైనా అలాగే పిలుస్తారు.

ఈ నవల గురించి మాట్లాడేటప్పుడు ఎక్కువగా మంత్రాలు, ఆత్మలు, ఆకుపచ్చ జుట్టున్న రోసా అందం, చివర్లో వచ్చే సైనిక తిరుగుబాటు చర్చకొస్తాయి. నానా గురించి మాట్లాడినా ‘నమ్మకమైన పనిమనిషి’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ నమ్మకం ఎలా పుట్టింది, దానివల్ల ఎవరికి లాభం, దానికి ఆమె ఏం చెల్లించింది అని చూస్తే, నవలలోని వర్గాల కథ కూడా అక్కడే దొరుకుతుంది. పొలంలో కొరడా పట్టుకున్న దొరని గుర్తుపట్టడం తేలిక. ఇంటి లోపల, ప్రేమ ముసుగులో అదే తేడా ఎలా కొనసాగుతుందో నానా పాత్ర వల్లే తెలుస్తుంది.

కథ క్లుప్తంగా ఇది. సెవేరో, నివెయా దెల్ వాయే దంపతులకి పదిహేను మంది పిల్లలు పుట్టారు, పదకొండు మంది బతికారు. వాళ్లలో చిన్నది క్లారా. ఆమె ఎస్తెబాన్ త్రుయేబా అనే భూస్వామిని పెళ్లి చేసుకుంటుంది. వాళ్ల కూతురు బ్లాంకా, బ్లాంకా కూతురు ఆల్బా. నవల దేశం పేరు చెప్పదు, కానీ అది చిలీ అని, చివర్లో కూలిపోయేది 1973 సెప్టెంబర్ 11న కూలిపోయిన అధ్యక్షుడు సాల్వదోర్ అయెందే ప్రభుత్వమని ఎవరికైనా అర్థమవుతుంది. రచయిత్రి ఆ అయెందే కుటుంబానికి చెందిన మనిషే. 1981 జనవరి 8న, కారకాస్‌లో ప్రవాసంలో ఉండగా, చావుబతుకుల్లో ఉన్న తాతకి రాయడం మొదలుపెట్టిన ఉత్తరమే ఈ నవల అయింది.

నానా జీవితం గురించి నవలలో ఒక చిన్న భాగం ఉంది. ఇతరుల పిల్లల్ని ప్రేమించడం, అమ్మగార్లు కట్టి విడిచిన బట్టలు కట్టుకోవడం, మిగిలింది తినడం, అరువు తెచ్చుకున్న సంతోషాలతో, అరువు తెచ్చుకున్న దుఃఖాలతో బతకడం, వేరే వాళ్ల కప్పు కింద ముసలిదైపోవడం, ఇంటి వెనక వసారా దాటి ఉన్న చిన్న గదిలో తనది కాని మంచం మీద ప్రాణం విడవడం, ఊరి శ్మశానంలో ఎవరెవరితోనో కలిపి పూడ్చిపెట్టబడటం. ఆమె ఇందుకే పుట్టిందని రచయిత్రి రాస్తుంది. తిట్టు లేదు, దెబ్బ లేదు. ఆ ఇంటివాళ్లు ఆమెను బాగానే చూసుకున్నారు. మన వైపు గొప్పింటివాళ్లు ‘మా ఇంట్లో మనిషిలాగే చూసుకున్నాం’ అంటారే, ఆ మాట వాళ్లూ నిజాయితీగానే అనగలరు. అంత బాగా చూసుకున్నా ఆమె పేరు మీద ఒక మంచం కూడా లేదు.

ఇక్కడ ఒక విషయం దగ్గరగా చూడాలి. అక్క రోసా శవాన్ని పోస్టుమార్టం కోసం వంటింటి బల్ల మీద కోయడం కిటికీలోంచి చూసిన క్లారా మాట్లాడటం మానేస్తుంది. తొమ్మిదేళ్లు నోరు విప్పదు. చెప్పాల్సింది చిన్న పలక మీద రాసి చూపిస్తుంది. ఇంటికి అదో పెద్ద సంఘటన. డాక్టర్లు వస్తారు, మందులిస్తారు. గట్టిగా భయపెడితే పిల్లకి మాట వస్తుందని నానా నమ్మకం. అందుకని గడ్డాల సముద్రదొంగ వేషం వేస్తుంది, తల లేని తలారిగా, కొమ్ముల దెయ్యంగా చీకట్లోంచి మీదికి దూకుతుంది. పిల్ల బెదరదు. ఈ వేషాలు చదువుతుంటే నవ్వొస్తుంది, ఆ ముసలామె ఆరాటం చూస్తే గుండె కలుక్కుమంటుంది కూడా. ఒక అమ్మాయి తొమ్మిదేళ్ల మౌనం ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఆ మౌనాన్ని వదిలించడానికి రాత్రింబవళ్లు తిప్పలు పడిన మనిషి జీవితాంతం తన గురించి ఒక్క ముక్క మాట్లాడలేదని ఆ ఇంట్లో ఎవరికీ తట్టదు. ఆమె ఎక్కడినుంచి వచ్చింది, ఆమెకు తల్లిదండ్రులు ఎవరు, పెళ్లి చేసుకోవాలని ఎప్పుడైనా అనుకుందా అని అడిగిన వాళ్లు లేరు. దొరబిడ్డ మాట్లాడకపోతే అది జబ్బు. పనిమనిషి మాట్లాడకపోతే అది మంచితనం.

సెవేరో, నివెయా కారు ప్రమాదంలో పోయాక నానా క్లారా ఇంటికి వచ్చేస్తుంది. ఈసారి క్లారా పిల్లల్ని పెంచడానికి. పోషించే చేతులు మారాయి, పని మారలేదు. తర్వాత దేశాన్ని కుదిపేసిన పెద్ద భూకంపం వస్తుంది. చిలీ చరిత్ర తెలిసినవాళ్లకి 1939 జనవరి నాటి చియాన్ భూకంపం గుర్తొస్తుంది. ఆ గొడవలో నానా చనిపోతుంది. ఎస్తెబాన్ ఎస్టేటు శిథిలాల కింద ఎముకలు విరిగి పడున్నాడు, అందరి ధ్యాసా అటే ఉంది. అంత మందిని అంత ప్రేమగా పెంచిన మనిషి అంత్యక్రియలకి వాళ్లలో ఒక్కరూ రాలేదని నవల చెప్పి ముందుకి వెళ్లిపోతుంది. ఆ తొందర కావాలని పెట్టిందే అనిపిస్తుంది. ఆ కుటుంబం ఆమె చావుని ఎలా దాటుకుని వెళ్లిందో కథనం కూడా అలాగే వెళ్లి, చదివేవాళ్లకి ఆ లోటు తగిలేలా చేసింది.

ఇదే నవల ఇతర చావుల మీద ఎంత శ్రద్ధ పెడుతుందో చూస్తే తేడా తెలుస్తుంది. ప్రమాదంలో తెగిపోయిన నివెయా తలని క్లారా వెతికి తెస్తుంది. టోపీల డబ్బాలో పెట్టిన ఆ తల ఏళ్ల తరబడి ఇంటి నేలమాళిగలో ఉండి, చివరికి క్లారాతో పాటే సమాధికి చేరుతుంది. పెళ్లి కాకుండానే పోయిన రోసా శవాన్ని ఎస్తెబాన్ పాత సమాధిలోంచి తీయించి, తాను కట్టించిన పాలరాతి కుటుంబ సమాధికి తరలిస్తాడు. ఒకవైపు భార్య, మరోవైపు ఒకప్పుడు తనకి కాబోయే భార్య, మధ్యలో తాను పడుకోవాలని అతని ఏర్పాటు. ఎస్తెబాన్ ఇంట్లోంచి గెంటేసిన అక్క ఫెరూలా కూడా చనిపోయిన రోజు అందరూ భోంచేస్తున్న గదిలోకి ఆత్మగా వస్తుంది. క్లారా వెళ్లి ఆమె శరీరాన్ని తన చేతులతో కడుగుతుంది. చనిపోయినవాళ్లు ఇంత సులువుగా తిరిగొచ్చే నవలలో నానా చావు ఒక వార్తలా ముగిసిపోతుంది. బతికున్నప్పుడు ఒకే కప్పు కింద ఉన్నవాళ్ల మధ్య గీత ఎక్కడుందో సమాధుల దగ్గర తేలింది.

నానా లేని లోటు క్లారా మీద పడిన తీరు కూడా గమనించాల్సిందే. ఫెరూలా వెళ్లిపోయింది, నానా పోయింది, భర్త మంచం మీద కదలకుండా ఉన్నాడు. అప్పటిదాకా ఆత్మలతో, వాటిని పిలిచే మూడు కాళ్ల బల్లతో కాలం గడిపిన క్లారా మొదటిసారి చేతులు పైకి మడిచి ఇంటిపని, ఎస్టేటు పని భుజాన వేసుకుంటుంది. సుదీర్ఘమైన బాల్యం నుంచి మేలుకున్నట్టు ఆ ఘట్టం సాగుతుంది. మరి ఆ బాల్యాన్ని అంతకాలం నిలబెట్టింది ఎవరు? నానా చాకిరీ, ఫెరూలా చాకిరీ. క్లారా అలౌకికత అంటూ పాఠకులు మురిసిపోయే గుణానికి కింద ఎవరో వండిపెట్టిన అన్నం, ఎవరో ఉతికిన బట్టలు ఉన్నాయి. క్లారా మంచి మనిషే. నవలలో అందరికంటే మంచి మనిషి అన్నా తప్పులేదు. ఆమె మంచితనానికి తీరిక ఎవరివల్ల దొరికిందో మర్చిపోకూడదు, అంతే.

ఇంట్లో నానా ఎలాగో, పొలంలో పెద్దపాలేరు పెద్రో సెగుందో గార్సీయా అలాగ. శిథిలమైపోయిన త్రెస్ మరీయాస్ ఎస్టేటుకి కుర్ర ఎస్తెబాన్ వచ్చిన రోజు నుంచి పక్కనే నిలబడి, దాన్ని మళ్లీ పచ్చగా చేసింది ఇతనే. చిలీలో ఇలాంటి ఎస్టేటు కూలీలని ఇంకిలీనో అంటారు. వలస పాలన కాలం నుంచి 1960ల దాకా ఈ పద్ధతి నడిచింది. దొర ఒక గుడిసె, చిన్న చెక్క భూమి, కాస్త తిండి ఇస్తాడు, ప్రతిగా కుటుంబమంతా దొర పొలంలో పనిచేయాలి. త్రెస్ మరీయాస్‌లో ఎస్తెబాన్ కూలి కింద గులాబీ రంగు చీటీలు ఇస్తాడు. అవి అతని కొట్లోనే చెల్లుతాయి. బయట ఆ కాగితానికి విలువ లేదు. ఎస్తెబాన్ ఇటుక ఇళ్లు కట్టించాడు, బడి పెట్టించాడు, పిల్లలకి పాలు దొరికేలా చేశాడు. వాటన్నిటినీ తన ఉపకారాలుగా జీవితాంతం లెక్క చెప్పుకుంటూనే ఉంటాడు.

పెద్రో సెగుందో విశ్వాసం నానా విశ్వాసంలాంటిది కాదు. అతనికి అన్నీ తెలుసు. ఎస్తెబాన్ ఎస్టేటుకి వచ్చిన కొత్తలో ఏటి దగ్గర బలాత్కారం చేసి, ఆ తర్వాత ఇంటిపనికి పెట్టుకుని, గర్భం రాగానే వదిలేసిన పదిహేనేళ్ల పాంచా గార్సీయా అతని సొంత చెల్లెలు. ఆమె తల్లికీ, అమ్మమ్మకీ కూడా అదే గతి పట్టిందని నవల చెబుతుంది. తెలంగాణ దొరల గడీల్లో పెళ్లికూతురితో పాటు అత్తారింటికి పంపిన దాసీల, అంటే ఆడబాపల చరిత్ర తెలిసిన పాఠకులకి పాంచా కథ పరాయిదిగా తోచదు. చెల్లెలిని అలా చేసిన మనిషికి దశాబ్దాలపాటు ‘చిత్తం దొరా’ అంటూ బతకడం ఎలా ఉంటుంది? ద్వేషం ఉంది, భయం ఉంది, కలిసి చెమటోడ్చిన ఇద్దరి మధ్య పెరిగే ఒక రకం దగ్గరితనం కూడా ఉంది. తిన్న ఉప్పుకి విశ్వాసం అనే మాటతో ఇది తేలదు. అతనికి వెళ్లడానికి ఇంకో చోటు లేదు, ఆ చుట్టుపక్కల భూమంతా ఎవరో ఒక దొరదే.

కొడుకు పెద్రో తెర్సేరో అలా ఉండడు. చిన్నప్పుడు తాత ఒక కథ చెబుతాడు. రోజూ రాత్రి నక్క వచ్చి గుడ్లు ఎత్తుకుపోయి, పిల్లల్ని తినేస్తుంటే కోళ్లన్నీ కూడబలుక్కుని ఒకనాడు దానిమీద పడి ముక్కులతో పొడిచి తరిమేస్తాయి. పక్కన కూర్చున్న బ్లాంకా పకపకా నవ్వుతుంది. కోళ్లు పుట్టుకతోనే తెలివితక్కువవి, నక్కలు పుట్టుకతోనే జిత్తులమారివి కదా అంటుంది. పెద్రో తెర్సేరో నవ్వడు, ఆలోచనలో పడతాడు. ఇద్దరూ ఒకరంటే ఒకరికి ప్రాణం, జీవితాంతం ప్రేమించుకుంటారు కూడా. అయినా ఒకే కథ ఇద్దరికీ రెండు రకాలుగా వినబడింది. వర్గం అంటే ఏమిటో ఉపన్యాసం లేకుండా చెప్పిన చోటు ఇది, నవలలో ఇంతకంటే మంచి ఘట్టం వెతకనక్కర్లేదు. ఆ కథనే తర్వాత అతను పాటగా కడతాడు, దేశమంతా పాడుతుంది. తండ్రి మాత్రం కొడుకుని కొట్టి మరీ ఆపాలని చూస్తాడు. ఎప్పుడూ ఇంతే, దేవుడి చట్టాన్ని మార్చలేం అని నచ్చజెబుతాడు. ఆ దెబ్బల్లో దొర మీద భక్తి కంటే కొడుకు ప్రాణం మీద భయమే ఎక్కువ.

ఆ భయం నిజమైంది. బ్లాంకా, పెద్రో తెర్సేరోల సంగతి బయటపడినప్పుడు ఎస్తెబాన్ కూతుర్ని కొరడాతో కొడతాడు. నువ్వు కూడా నీ తరగతి కాని పెళ్లికాని ఆడపిల్లలతో పడుకున్నావు, అతను ప్రేమతో చేశాడు, తేడా అదొక్కటే అని క్లారా మొహం మీదే అనేస్తుంది. ఆ మాటకి ఎస్తెబాన్ కొట్టిన దెబ్బకి ఆమె ముందు పళ్లు రాలిపోతాయి. ఆ తల్లీకూతుళ్లని బండిలో రైల్వే స్టేషన్‌కి చేర్చింది పెద్రో సెగుందో. కొడుకుని దొర పట్టుకునే రోజు అక్కడ ఉండదలచుకోలేదని, తానూ వెళ్లిపోతున్నానని చెబుతాడు. అన్నేళ్ల కొలువు ఒక ప్లాట్‌ఫాం మీద ముగిసిపోయింది. తర్వాత ఎస్తెబాన్ గొడ్డలి వేటుకి పెద్రో తెర్సేరో మూడు వేళ్లు పోతాయి. నానాకి లేని అవకాశం పెద్రో సెగుందోకి ఇదొక్కటే దొరికింది: తన కాళ్లతో తాను బయటికి నడవడం.

ఎస్తెబాన్ వైపు వాదన కూడా నవలలో గట్టిగానే వినిపిస్తుంది. చాలా కథ మూడో మనిషి కంఠంలో సాగుతున్నా, మధ్యమధ్యలో ఎస్తెబాన్ ‘నేను’ అంటూ మాట్లాడతాడు. తాను మంచి దొరనని, తాను లేకపోతే ఈ జనం అల్లాడిపోతారని, వాళ్లు పసిపిల్లల్లాంటివాళ్లని. ఎన్నికలొస్తే కూలీలకి విందు పెట్టి ఎవరికి ఓటెయ్యాలో చెప్పడం కూడా అతని దృష్టిలో పెద్దరికమే. చిలీలో 1958 దాకా ఓటు చీటీలు పార్టీలే అచ్చువేసి ఇచ్చేవి, దొర ఇచ్చిన చీటీ పెట్టెలో పడిందా లేదా అని చూసుకోవడం సులువు. ఆ ఏడు ప్రభుత్వమే ఒకే ఓటు చీటీ అచ్చువేసే పద్ధతి వచ్చాకే పల్లెల మీద భూస్వాముల పట్టు సడలింది. 1967లో ఎదువార్దో ఫ్రెయ్ ప్రభుత్వం భూసంస్కరణ చట్టంతో పాటు రైతుకూలీ సంఘాల చట్టం కూడా తెచ్చింది. నవలలో త్రెస్ మరీయాస్ చేజారడానికి వెనక ఉన్న చరిత్ర ఇదే. కూలీలు సంఘం పెట్టుకోగలిగారు. ఇంటి వెనక గదిలో ఒంటరిగా బతికే ఆయా ఎవరితో కలిసి సంఘం పెడుతుంది?

మంచి మనసున్న పెద్దింటి ఆడవాళ్ల సంగతి కూడా నవల వదిలిపెట్టదు. ఆడవాళ్లకి ఓటు హక్కు కావాలని పోరాడే నివెయా, స్నేహితురాళ్లతో కలిసి ఫ్యాక్టరీల దగ్గరికి వెళ్లి ఉపన్యాసాలిస్తుంది. ఒంటిమీద ఉన్ని కోట్లు, కాళ్లకి మెత్తటి తోలు బూట్లు. వింటున్న ఆడకూలీలకి ముతక ఏప్రన్లు, చలికి పగిలి ఎర్రబడిన చేతులు. తర్వాత ఆ అమ్మగార్లంతా కలిసి టీ, కేకులకి వెళతారు. ఆ పొంతనలేనితనం చిన్నపిల్ల క్లారా కంటపడుతుంది. పెద్దయ్యాక తనే బ్లాంకాని వెంటబెట్టుకుని పేదవాడలకి వెళ్లినప్పుడు, దీనివల్ల మన మనస్సాక్షికి ఊరట తప్ప వాళ్లకి ఒరిగేదేం లేదు, వాళ్లకి కావాల్సింది దానం కాదు న్యాయం అని కూతురికి చెబుతుంది. ఇంత స్పష్టంగా చూడగలిగిన క్లారా కూడా తన ఇంటి వెనక గది వైపు ఆ చూపు తిప్పలేదు. దూరాన ఉన్న పేదరికం కనబడినంత తేలిగ్గా రోజూ పాలగ్లాసు తెచ్చిచ్చే చేతిలోని పేదరికం కనబడదు.

ఈ ప్రశ్న నవలకే వేయొచ్చు. కథ చెబుతున్నది భూస్వామి మనవరాలు ఆల్బా. ఆమెకి ఆధారం అమ్మమ్మ క్లారా యాభై ఏళ్లపాటు రాసిన నోటుపుస్తకాలు. అంటే జ్ఞాపకాల బీరువా మొత్తం కుటుంబానిదే. నానా రాయలేదు, పెద్రో సెగుందో రాయలేదు. ప్లాట్‌ఫాం మీద విడిపోయాక అతనేమయ్యాడో నవల పట్టించుకోదు. ఇంకా ఇబ్బంది పెట్టే విషయం, ఆ పేదల వైపు నుంచి తన వాటా కోసం పంతం పట్టిన ఒకే ఒక్క మనిషి క్రూరుడిగా కనబడటం. పాంచా మనవడు ఎస్తెబాన్ గార్సీయా పోలీసు అధికారై, తిరుగుబాటు తర్వాత ఆల్బాని చిత్రహింసలు పెడతాడు. కుర్రాడిగా ఉన్నప్పుడు పెద్రో తెర్సేరో ఆచూకీ చెబితే ఎస్తెబాన్ త్రుయేబా ఇస్తానన్న బహుమతి ఎగ్గొట్టాడు, తర్వాత పోలీసు ఉద్యోగానికి సిఫారసు ఉత్తరం మీద సంతకం చేసిందీ అతనే. తనకి జరిగింది ఏటి ఒడ్డున పాంచాకి జరిగినదానితో మొదలైన గొలుసులో ఒక లింకు అని ఆల్బా అర్థం చేసుకుంటుంది. ఆమె అర్థం చేసుకోవడం గొప్పదే. అయినా పాంచా బాధ ఇక్కడ కూడా దొరబిడ్డ బాధకి వివరణగానే నిలిచింది, దానికదిగా కథ కాలేదు. ఇది నవలలో ఉన్న నిజమైన లోపం.

ఆ లోపాన్ని కొంత సరిచేసే మనిషి చివరి పేజీల్లో ఉంది. విడుదల చేసిన రాత్రి కర్ఫ్యూ వేళ ఆల్బాని ఊరి చివర చెత్త మైదానంలో వదిలేస్తారు. ఒక పేదామె ఆమెను తన గుడిసెలోకి తీసుకెళ్లి దాచి, తెల్లారాక ఇంటికి చేరుస్తుంది. నన్ను దాచడం నీకు ప్రమాదం అని ఆల్బా అంటే చిరునవ్వు నవ్వుతుంది. ఈమెకీ పేరు లేదు. ఈమె కూడా తన పిల్లలతో పాటు ఇతరుల పిల్లల్నీ సాకే మనిషి. కానీ కప్పు ఆమెది, నిర్ణయం ఆమెది. ఎవరి కొలువులోనూ లేదు. దొర మనవరాలు ఆమె ఇంట్లో అతిథి. సాయం చేసే చెయ్యి అదే తరగతిది, సంబంధం మాత్రం తలకిందులైంది. అలాంటి ఆడవాళ్లు ఉన్నన్నాళ్లు గార్సీయాలాంటివాళ్ల రోజులు లెక్కపెట్టినట్టేనని ఆల్బాకి అప్పుడే అనిపిస్తుంది.

నవల వచ్చాక చిలీలో ఇంటిపనివాళ్ల చట్టాలు మెల్లగా కదిలాయి. వాళ్ల కనీస వేతనం మిగతా కార్మికుల కనీస వేతనంతో సమానమైంది 2011 మార్చిలో మాత్రమే, అంతకుముందు చట్టమే తక్కువ ఇవ్వొచ్చని చెప్పేది. 2014లో వచ్చిన చట్టం పనిగంటలకి హద్దు పెట్టింది, బహిరంగ ప్రదేశాల్లో యూనిఫాం వేసుకోమని యజమాని ఒత్తిడి చేయకూడదంది. ఇంటిపనివాళ్ల హక్కుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒప్పందాన్ని చిలీ 2015లో ఆమోదించింది. భారతదేశం ఇంకా ఆమోదించలేదు. రాతపూర్వక ఒప్పందం, పని గంటలు, వారానికో సెలవు, జీతం తేదీ అనే నాలుగు విషయాలు నానాకి ఉండుంటే, దెల్ వాయే ఇంట్లో పదకొండు మంది పిల్లల వెనక రోజూ ఎంత పని జరిగేదో, దాన్ని ఎవరు చేసేవారో నివెయా ఒక కాగితం మీద లెక్క రాయాల్సి వచ్చేది. ఆ కాగితం పైన ఆయా పూర్తి పేరు కూడా రాయాల్సి వచ్చేది.